మాన్, హీ, పర్సన్: మూడు చిన్న మాటల వ్యాజ్యము

ఇంగ్లీషు వాచకము చేతికిచ్చిన మొదటి వారమునందే మన పిల్లలు నేర్చుకొను మాటలలో ‘మాన్’, ‘హీ’ అనునవి చేరియుండును. ‘మాన్’ అనగా మనుష్యుడు, ‘హీ’ అనగా అతడు అని ఉపాధ్యాయుడు చెప్పును, పిల్లలు వ్రాసికొందురు, అంతటితో ఆ మాటల పని తీరినదనుకొందుము. ‘పర్సన్’ అను మాట ఇంకొంచెము పై తరగతిలో వచ్చును. దానికి వ్యక్తి యని యర్థము చెప్పి ముందునకు సాగుదురు. ఈ మూడు మాటలకును అర్థ మేమని తేల్చుటకు ఇంగ్లీషు న్యాయశాస్త్రము నడచిన దేశములలో 1868 మొదలు 1929 వరకు, అరువదియేండ్లకు పైగా, వాదములు జరిగినవి. ఇంగ్లీషు తల్లిభాషగా గల న్యాయమూర్తులు, లాటిను గ్రీకులు చదివిన పండితులు, ‘పర్సన్’ అను మాటలో స్త్రీ చేరునా చేరదా యని యోచించి, చేరదని పలుమారులు తీర్పు చెప్పిరి. నిఘంటువు తెరచిన నిమిషములో తేలవలసిన సంగతికి అన్నియేండ్లు ఏల పట్టినవో తెలిసికొనవలెనన్న, ఆ మాటల పుట్టుపూర్వోత్తరములు ముందు కొంత చూడవలెను.

వేయేండ్ల క్రిందటి ఇంగ్లీషులో ‘మన్’ అను మాటకు మగవాడని ముఖ్యార్థము లేదు. మానవజాతిలో పుట్టిన ప్రాణి ఆడుదైనను మగవాడైనను ‘మన్’ అనియే పిలువబడుచుండెను. మగవాడని విడిగా చెప్పవలసి వచ్చినప్పుడు ‘వెర్’ అనియు, స్త్రీ యని చెప్పవలసి వచ్చినప్పుడు ‘వీఫ్’ అనియు వేరు మాటలుండెను. ఇవి చాలక, మనము ఆడమనిషి, మగమనిషి యనునట్లే, ‘వీఫ్‌మన్’, ‘వాప్‌మన్’ అని జంటమాటలును వాడుకలో నుండెను. వీనిలో ‘వీఫ్‌మన్’ అనునది జనుల నోళ్లలో నలిగి నలిగి నేటి ‘వుమన్’ అయినది. ‘వీఫ్’ అను మాట క్రమముగా కుంచించుకొనిపోయి, భార్య యను నర్థమున ‘వైఫ్’గా మిగిలినది, మంత్రసానిని ఇంగ్లీషువారు ‘మిడ్‌వైఫ్’ అనునప్పుడు మాత్రము దానిలో స్త్రీ యను పాత యర్థము ఇంకను బ్రదికియున్నది. పాపము, ‘వెర్’ అను మాటకు ఆ భాగ్యమును లేదు. 13వ శతాబ్ది ముగియునప్పటికి అది వాడుకనుండి తొలగిపోయి, తోడేలుగా మారు మనుష్యుని కథలలోని ‘వేర్‌వుల్ఫ్’ అను మాటలోను, ‘వరల్డ్’ అను మాట మొదటి భాగములోను తల దాచుకొన్నది. ‘వెర్’ ఖాళీ చేసిన యింట ‘మన్’ ప్రవేశించెను. కాని తన పాత యింటిని మాత్రము విడువలేదు. నాటినుండి ఆ మాట ఒకచోట జాతి కంతకును పేరు, మరియొకచోట జాతిలో సగమునకు పేరు. ఏ చోట ఏ యర్థమో చెప్పు గుర్తు ఆ మాటలో ఏదియు లేదు. సందర్భమునుబట్టి తెలిసికొనవలసినదే, సందర్భమును నిర్ణయించు నధికారము ఎవరి చేతిలో నున్నదో వారు చెప్పినదే యర్థము.

ఆ కాలపు ఇంగ్లీషు వ్యాకరణములో మరియొక వింత కలదు. అప్పటి నామవాచకములకు సంస్కృతమునందువలె మూడు లింగము లుండెను. ‘వీఫ్’ అను శబ్దము నపుంసకలింగము, ‘వీఫ్‌మన్’ పుంలింగము, నేటి ‘లేడీ’ అను మాటకు మూలమైన శబ్దము స్త్రీలింగము. మూడింటి యర్థమును స్త్రీయే. భార్యాశబ్దము స్త్రీలింగము, దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము అని చిన్ననాడు వల్లించిన మన పండితుల కిది వింతగా తోచదు. తెలుగువారి సంగతి మరియు విచిత్రమైనది. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి మహత్తు, మహతి, అమహత్తు అను విభాగమును స్థిరపరచెను. దానినిబట్టి పురుషుడు మహద్వర్గమువాడు. పశుపక్ష్యాదులు, చెట్లు, రాళ్లు అమహత్తులు. స్త్రీ యొక్కతె యైనప్పుడు ఆమె క్రియ అమహత్తులతో నడచును, పెక్కురైనప్పుడు మహత్తులతో నడచును. అతడు వచ్చుచున్నాడు, ఆమె వచ్చుచున్నది, గోవును వచ్చుచున్నది. స్త్రీలు మాత్రము పురుషులతోపాటు వచ్చుచున్నారు. ఒంటరిగా నున్నంతసేపు పశువులతోడను జడములతోడను, నలుగురు కూడినప్పుడు మనుష్యులతోడను లెక్క! ఇందు నవ్వవలసినది కలదు గాని, దీనినుండి తెలుగు స్త్రీల దుర్దశకు తెలుగు వ్యాకరణమే మూలమని సిద్ధాంతము చేయువారితో నేను ఏకీభవింపజాలను. పొరుగుననున్న తమిళ కన్నడములలో స్త్రీకి వేరుగా క్రియారూపము కలదు. అంతమాత్రమున ఆ భాషలవారి యిండ్లలో బాల్యవివాహములు తక్కువగా జరుగలేదు, వితంతువుల కష్టములు తేలిక కాలేదు. వ్యాకరణము తనంతట తాను ఎవరిని బంధింపదు. బంధింపదలచినవారికి అది త్రాడుగా దొరకును. ఈ వ్యాసమున చెప్పబోవు చరిత్ర అట్టిదే.

ఇంగ్లీషులో నామవాచకముల తుదివర్ణములు అరిగిపోవుటతో శబ్దలింగము నశించినది. లింగభేద మంతయు ‘హీ’, ‘షీ’, ‘ఇట్’ అను మూడు సర్వనామములలో మిగిలినది. ప్రాచీన భాషలో ‘అతడు’, ‘ఆమె’ అనుటకున్న రెండు శబ్దములును కొన్ని సీమలలో ఉచ్చారణవలన ఒక్కటిగా వినబడసాగెను. ‘షీ’ అను క్రొత్త రూపము 12వ శతాబ్దిలో పొడసూపుచున్నది. ‘దే’ అను బహువచన సర్వనామము ఇంగ్లీషువారి సొంతము కాదు. ఆ దేశమున కాపురమున్న స్కాండినేవియా జనుల భాషనుండి వచ్చినది. ఈ ‘దే’ వలన ఒక సౌకర్యము కలిగినది. వచ్చిన వ్యక్తి ఆడో మగో తెలియనప్పుడును, ఎవరైనను అని సామాన్యముగా చెప్పునప్పుడును, ఒక్కరి విషయమునందైనను బహువచనమైన ‘దే’ వాడుట 14వ శతాబ్దినుండియు వ్రాతలలో కనబడుచున్నది. మనము ‘ఎవరో వచ్చినారు’ అందుము. వచ్చినది ఒక్కరే యైనను బహువచనమే. ‘ఎవరి పుస్తకములు వారు తెచ్చుకొనవలెను’ అన్నప్పుడు ఆడుపిల్లలును మగపిల్లలును ఇమిడియుందురు. ఈ సుగుణము తెలుగునకు ఎవరును నేర్పలేదు. నేరమనియు ఎవరు ననలేదు. ఇంగ్లీషువారికి మాత్రము 18వ శతాబ్దిలో వ్యాకరణకర్తలు బయలుదేరి అది నేరమని చెప్పిరి.

అట్లు చెప్పినవారిలో మొదటివారి నొకరిని గూర్చి వినిన చదువరులు ఆశ్చర్యపడుదురు. న్యూకాసిల్ పట్టణమున పాఠశాల నడపిన ఆన్ ఫిషర్ అను విదుషీమణి ఆ శతాబ్ది మధ్యమున వ్యాకరణ మొకటి వ్రాసి, స్త్రీ పురుషుల నుభయులను సామాన్యముగా చెప్పవలసినచోట పుంలింగ సర్వనామము చాలునని అందు సూత్రించెను. పిల్లలకు చదువు తేలిక చేయుటయే ఆమె యుద్దేశము. తరువాత 1795లో లిండ్లీ మర్రే వ్రాసిన వ్యాకరణము ఆంగ్లదేశమునను అమెరికాయందును ఇంటింట వ్యాపించినది. ‘ఎవరైనను’ అను ఏకవచన శబ్దమునకు ‘దే’ అను బహువచన సర్వనామము చెల్లదనియు, అట్టి వాక్యములను ‘హీ’ అని దిద్దుకొనవలెననియు మర్రే పాఠము. బడిపిల్లల పుస్తకములలో ఈ దిద్దుబాటు స్థిరపడినది. వాడుకభాష మాత్రము వారి మాట వినలేదు. ఈ దినమునకును ఇంగ్లీషువారు మాటలాడునప్పుడు ‘దే’ అనియే యందురు. ఇటీవలి నిఘంటువులును దాని నంగీకరించినవి.

పాఠశాలలోని సూత్రము 1850లో పార్లమెంటు శాసనమైనది. శాసనములలోని భాషను కుదించుటకై చేసిన ఆక్టు అది. బ్రూహామ్ ప్రభువు పేరున దానిని వ్యవహరింతురు. అంతవరకు శాసనములు వ్రాయు లేఖకులు ‘అతడు గాని ఆమె గాని’, ‘అతని యొక్క గాని ఆమె యొక్క గాని’ అని పుటలు నింపుచుండిరి. ఇకమీదట పుంలింగపదములు స్త్రీలకును వర్తించుననియు, అట్లు వర్తింపరాదన్నచో స్పష్టముగా చెప్పవలెననియు ఈ ఆక్టు విధించెను. కాగితమును సిరాను మిగుల్చుటకు చేసిన ఏర్పాటే యైనను, అక్షరములనుబట్టి చూచిన ఇది యుదారమైన విధి. స్త్రీని వెలుపల నుంచదలచినవారు ఆ మాట పైకి చెప్పి తీరవలెను. పైకి చెప్పకుండ వెలుపల నుంచు విద్య న్యాయస్థానములు తరువాత కనిపెట్టినవి.

1832 నాటి సంస్కరణశాసనము వోటుహక్కు గలవారిని చెప్పుచు ‘మేల్ పర్సన్’, అనగా మగవ్యక్తి, అని స్పష్టముగా వ్రాసినది. 1867లో వచ్చిన క్రొత్త శాసనము ‘మేల్’ అను విశేషణమును విడిచి ‘మాన్’ అని మాత్రము వ్రాసెను. ఆ బిల్లు చర్చకు వచ్చినప్పుడు జాన్ స్టూఅర్ట్ మిల్లు మే 20వ తేదీని లేచి, ‘మాన్’ అను మాట తీసివేసి ‘పర్సన్’ అను మాట పెట్టవలెనని సవరణ ప్రతిపాదించెను. ఒక్క మాట మార్పు. దానికి అనుకూలముగా 73 మందియు ప్రతికూలముగా 196 మందియు సమ్మతు లిచ్చిరి. సవరణ వీగిపోయినది. ‘పర్సన్’ అన్నచో స్త్రీలు వచ్చి చేరుదురని ఆ 196 మందికి తెలియును, తెలిసియే వలదనిరి. ఈ సంగతిని చదువరులు జ్ఞాపక ముంచుకొందురు గాక. దీనితో ముందు పని కలదు.

అదే సంవత్సరము నవంబరులో మాంచెస్టరు నగరమున చిన్న యంగడి పెట్టుకొని జీవించుచున్న లిలీ మాక్స్‌వెల్ అను స్త్రీ పేరు పొరపాటున వోటర్ల పట్టీలో చేరినది. ఆమె వెళ్లి వోటు వేసెను. మిల్లు సవరణ వీగినను, క్రొత్త శాసనములో ‘మాన్’ అనియే యున్నదిగదా, 1850 ఆక్టునుబట్టి అందు స్త్రీ చేరినట్లే గదా యని లిడియా బెకర్ మున్నగువారు ధైర్యము వహించి, మాంచెస్టరులో గృహస్థులై పన్ను చెల్లించుచున్న స్త్రీల పేర అర్జీలు పెట్టించిరి. అట్లు పెట్టిన స్త్రీలు ఐదువేలకు పైబడిరి. 1868 నవంబరులో చార్ల్‌టన్, లింగ్స్ అను వారి పేరుల వ్యాజ్యము లండనులో విచారణకు వచ్చెను. స్త్రీల పక్షమున వాదించినవారిలో రిచర్డు పాంక్‌హర్‌స్ట్ ఒకడు. తరువాతి కాలమున వోటుకొరకు చెరసాలల పాలైన ఎమ్మెలిన్ పాంక్‌హర్‌స్ట్‌కు ఆయన భర్త యయ్యెను.

న్యాయమూర్తులు నలుగురును ఏకముగా స్త్రీలకు వోటు లేదనిరి. అనాదిగా ఇంగ్లండులో స్త్రీలు పార్లమెంటు సభ్యుల నెన్నుకొన్న ఆచారము లేదనియు, అంతటి మార్పును పార్లమెంటు ఒక సామాన్యపదము చాటున తెచ్చియుండదనియు వారి తర్కము. శాసనమున ‘చట్టరీత్యా అనర్హులు కానివారు’ అని యున్నది; స్త్రీయై పుట్టుటయే అట్టి అనర్హత యనిరి. బైల్స్ అను న్యాయమూర్తి మరియొక సొగసైన మాట చెప్పెను: జంతుశాస్త్రగ్రంథమున ‘మాన్’ అన్నచో స్త్రీలును పిల్లలును చేరుదురు గాని, వోటుహక్కును గూర్చిన శాసనమున అట్టి యర్థము చేయరాదట. మృగములనుండి వేరుచేయునప్పుడు స్త్రీ మనిషియే. మనుష్యుల హక్కులు పంచునప్పుడు కాదు.

పన్నులు వసూలు చేయు శాసనములోని ‘హీ’ మాటేమి? నేరములకు శిక్షలు విధించు శాసనములోని ‘హీ’ మాటేమి? వానిలో స్త్రీ లేదని ఏ న్యాయమూర్తియు ఎన్నడు ననలేదు. ఈ చిక్కును అందరికంటె చక్కగా విప్పినది అమెరికాలోని సూసన్ ఆంథొనీ. ఆమె 1872 నవంబరులో రాచెస్టరు పట్టణమున వోటు వేసి, అందులకు నేరస్థురాలై 1873లో విచారింపబడెను. విచారణకు ముందు ఊరూర నుపన్యసించుచు ఆమె చెప్పిన దేమనగా: రాజ్యాంగములలోను శాసనములలోను ‘హీ’ యని యుండుటచేత స్త్రీలకు హక్కులు లేవందురేని, సరియే, అప్పుడు ‘హీ’ యనియే వ్రాసియున్న పన్నుల శాసనములనుండియు నేరశాసనములనుండియు స్త్రీలను విడువుడు, ఒక సర్వనామమునకు ఉరికంబమువద్ద ఒక యర్థమును వోటుపెట్టెవద్ద మరియొక యర్థమును చెప్పకుడు. న్యాయాధిపతి ఆమెకు నూరు డాలర్లు జుల్మానా వేసెను. ఆమె చెల్లింపలేదు.

తరువాతి వ్యాజ్యములను ఒక్కొక్కటిగా చెప్పిన విసుగు పుట్టును. 1908లో స్కాట్లండు విశ్వవిద్యాలయముల స్త్రీ పట్టభద్రులు, విశ్వవిద్యాలయపు ప్రతినిధి నెన్నుకొను ‘పర్సన్లు’ తామును గారా యని ప్రభువుల సభనడిగిరి, కారని తీర్పు. 1913లో గ్వినెత్ బెబ్ అను ఆమె సొలిసిటరు పరీక్షకు కూర్చుండ ననుమతి కోరెను. సొలిసిటర్లను గూర్చిన 1843 నాటి శాసనమున ‘పర్సన్’ అనియే యుండెను. పుంలింగమున స్త్రీ చేరునని అందులోనే వ్రాసియు నుండెను. ఐనను పూర్వాచారము లేదని త్రోసివేసిరి.

మన దేశమున ఈ వ్యాకరణవివాదము న్యాయవాదవృత్తి ద్వారమువద్ద జరిగినది. 1860 నాటి శిక్షాస్మృతి తన 8వ విభాగముననే ‘హీ’ అను సర్వనామము స్త్రీ పురుషుల కుభయులకును వర్తించునని చెప్పినది. జనరల్ క్లాజెస్ ఆక్టు, మొదట 1868లోను తిరిగి 1897లోను, తక్కిన శాసనములకును ఈ విధినే విధించెను. విషయముచేత గాని సందర్భముచేత గాని విరుద్ధము కానియెడల అని యొక షరతు మాత్రము పెట్టినది. న్యాయవాదులను గూర్చిన 1879 నాటి శాసనమున స్త్రీలు పనికిరారని ఎచ్చటను లేదు. 1916లో రెజీనా గుహా అను వంగవనిత, ఎం. ఏ., బి. ఎల్. పట్టములు పొంది, తన్ను ప్లీడరుగా చేర్చుకొనుడని యర్జీ పెట్టుకొనెను. కలకత్తా హైకోర్టున ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుండి విచారించిరి. ‘హీ’లో ‘షీ’ చేరునన్నది సాధారణవిధి యైనను, న్యాయవాదవృత్తి పురుషులదిగానే ఉండుచు వచ్చినందున ఈ సందర్భమునకు ఆ విధి విరుద్ధమని వారు తేల్చిరి. 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాలా హజ్రా అర్జీని అట్లే త్రోసివేసెను. అదే 1921లో అలహాబాదు హైకోర్టు కార్నీలియా సొరాబ్జీని వకీలుగా చేర్చుకొనెను! గంగ యొడ్డుననున్న ఒక పట్టణమున ‘హీ’ అన్నచో ఒక యర్థము, ఎగువన మరియొక పట్టణమున మరియొక యర్థము. ఈ యవస్థ చూచి కేంద్రశాసనసభ 1923లో, స్త్రీ యను ఏకైక కారణమున ఎవరును న్యాయవాదవృత్తికి అనర్హులు కారని ప్రత్యేకముగా నొక శాసనము చేసినది. సర్వనామముతో కాని పని నామవాచకముతో అయినది.

మదరాసు రాజధాని విషయ మిందులకు భిన్నముగా నున్నది. 1919 నాటి సంస్కరణలననుసరించి చేసిన ఎన్నికల నిబంధనలలో స్త్రీలు వోటునకు అనర్హులని పైకే వ్రాసియుండెను. ఏ రాష్ట్రపు శాసనసభయైన తీర్మానించినచో ఆ యనర్హత తొలగునని వీలును కల్పింపబడెను. 1921 ఏప్రిలులో మదరాసు శాసనసభ తీర్మానించినది, అనర్హత తొలగినది. దేశమున మొట్టమొదట నిట్లు చేసినది ఆ సభయే. ఆస్తి, పన్ను మున్నగు నర్హతలు కావలసియుండుటచేత వోటు దక్కిన స్త్రీలు కొలదిమందియే. ఐనను ఒక్కటి గమనింపదగినది. అన్యాయము అన్యాయముగానే కాగితముమీద వ్రాసియున్నచోట ఒక తీర్మానముతో చెరిగినది. సందర్భము, ఆచారము, భావము అను తెరలవెనుక దాగియున్నచోట దానిని పట్టుకొనుటకే ఒక తరము పట్టినది.

ఇక కెనడా కథ. 1867 నాటి బ్రిటిషు నార్త్ అమెరికా ఆక్టు, ఆ దేశపు సెనేటునకు అర్హులైన ‘పర్సన్ల’ను గవర్నరు జనరలు పిలువవలెనని చెప్పినది. 1916లో ఎడ్మంటన్ నగరమున ఎమిలీ మర్ఫీ మాజిస్ట్రేటుగా నియమింపబడినది. బ్రిటిషు సామ్రాజ్యమున అట్టి పదవి పొందిన మొదటి స్త్రీ ఆమె యందురు. చట్టము దృష్టిలో స్త్రీ ‘పర్సన్’ కాదు గనుక ఆమె తీర్పు చెల్లదని ఒక వకీలు ఆమె యెదుటనే యాక్షేపించెను. అట్టి యాక్షేపణను ఆల్బర్టా పైకోర్టు 1917లో త్రోసివేసినను, సెనేటు విషయమున ఒట్టావా ప్రభుత్వము ఆ సందేహమునే పట్టుకొని కూర్చుండెను. 1927లో ఎమిలీ మర్ఫీ, నెల్లీ మెక్‌క్లంగ్, ఐరీన్ పార్ల్‌బీ, లూయీజ్ మెకిన్నీ, హెన్రియెట్టా ఎడ్వర్డ్స్ అను ఐదుగురు స్త్రీలు అర్జీ పెట్టిరి. 1928 ఏప్రిలులో కెనడా సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను: శాసనమును 1867లో దాని నిర్మించినవారి భావముననే చదువవలెను, ఆనాడు స్త్రీలు ప్రభుత్వపదవులు వహించుట లేదు, కావున ‘అర్హులైన పర్సన్లు’ అను మాటలో స్త్రీలు లేరు.

పైని జ్ఞాపక ముంచుకొమ్మన్న సంగతి ఇప్పుడు కావలెను. ఈ కెనడా శాసనమును నిర్మించినది లండనులోని పార్లమెంటు. అదియు 1867 మార్చి మాసమున. మిల్లు సవరణ ఓడిపోయినది అదే సభలో, అదే సంవత్సరము మే మాసమున. మార్చిలో ‘పర్సన్’ అను మాట వాడినప్పుడు అందు స్త్రీ చేరునని ఆ సభవారికి తోచనేలేదని సుప్రీముకోర్టు అనుచున్నది. మే నెలలో ఆ సభవారే, ‘పర్సన్’ అన్నచో స్త్రీ చేరును గనుక ఆ మాట వలదని 196 సమ్మతులతో త్రోసివేసిరి. రెండు నెలలలో ఇంగ్లీషుభాష మారిపోయినదా? పూర్వుల భావమునే పట్టుకొందమన్నవారు ఆ పూర్వుల సభావృత్తాంతములను చూడదలపలేదని నేననుకొందును. స్త్రీకి హక్కు వచ్చునని భయము కలిగినచోట ఆ మాట విశాలము. హక్కు ఇవ్వవలసి వచ్చినచోట అదే మాట సంకుచితము.

అప్పీలు లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయెను. మన దేశపు అప్పీళ్లును ఆ కాలమున అచ్చటికే పోవుచుండెను. 1929 అక్టోబరు 18వ తేదీని సాంకీ ప్రభువు తీర్పు చదివెను. స్త్రీలను ప్రభుత్వపదవులనుండి తొలగించుట తమ నాటికంటె మోటైన కాలపు అవశేషమనియు, ‘పర్సన్’ అను మాటలో స్త్రీ యేల చేరవలెనని యడుగువారికి, ఏల చేరకూడదన్నదే ప్రత్యుత్తరమనియు ఆయన చెప్పిన దాని సారము. రుజువు చేయుభారము ఆనాటితో స్త్రీ తలమీదనుండి దిగి ఎదిరిపక్షము తలమీదికి మారినది. 1930లో కైరీన్ విల్సన్ కెనడాలో మొదటి స్త్రీ సెనేటరు అయ్యెను. ఎమిలీ మర్ఫీకి ఆ పదవి రాలేదు. 1933లో ఆమె గతించెను.

ఈ ఐదుగురను స్తుతించువారు దాచిపెట్టు సంగతి యొకటి చెప్పక తప్పదు. బుద్ధిమాంద్యము గలవారికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించు ఆల్బర్టా శాసనము 1928లో వచ్చినప్పుడు ఎమిలీ మర్ఫీ దానిని సమర్థించినది. ఆసియావాసులను గూర్చి ఆమె వ్రాసిన వ్రాతలు చదువుటకే బాధగా నుండును. అదే కెనడాలోని బ్రిటిషు కొలంబియాలో 1907లో హిందూదేశమునుండి వెళ్లినవారి వోటు తీసివేయబడెను. వారిలో పురుషుడును ‘హీ’యే, ‘మాన్’నే, ‘పర్సనే’. ఐనను 1947 వరకు వోటు లేదు. 1929 నాటి తీర్పు వారి జోలికి పోలేదు. మాట తలుపు తెరచినవారు తమవెనుక తామే గడియ వేసికొనుటయు కలదు.

మన రాజ్యాంగమును వ్రాసిన సభలో దుర్గాబాయమ్మగారు సభ్యురాలు. రాజమహేంద్రవరమున పుట్టి, మదరాసులో న్యాయవాదవృత్తి చేపట్టిన ఆమెకు ఆ వృత్తిద్వారము తెరచినది 1923 నాటి శాసనమే. ఆ సభవారు 326వ అధికరణమున వోటుహక్కును చెప్పుచు, మిల్లు అడిగి పొందలేకపోయిన ‘పర్సన్’ అను మాటనే వ్రాసిరి. దేశపౌరుడైన ప్రతి ‘పర్సన్’కును వోటు. కాని రాష్ట్రపతిని గూర్చిన అధికరణములలో ‘హీ’ యనియే యున్నది. 367వ అధికరణము జనరల్ క్లాజెస్ ఆక్టును రాజ్యాంగమునకును అన్వయించుటచేత, 2007లో ప్రతిభా పాటీలు గాని 2022లో ద్రౌపదీ ముర్ము గాని ఆ పదవి నధిష్ఠించునప్పుడు ఏ హైకోర్టును ఆ సర్వనామమును గూర్చి యడుగవలసిన పని లేకపోయెను. పాత శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత, ‘హీ’ అను సర్వనామము పురుషునకును స్త్రీకిని ట్రాన్స్‌జెండరు వ్యక్తికిని వర్తించునని చెప్పినది. ఆ ఒంటియక్షరపు మాట ఇంకను విశాలమగుచునే యున్నది.

‘పర్సన్’ అను మాట దక్కిన వెంటనే వచ్చిన మొదటి యెన్నికలలో మరియొక మాట కరవైనది. 1951-52 ఎన్నికలకు వోటర్ల పట్టీలు వ్రాయుచు గుమాస్తాలు ఇంటింటికి వెళ్లి స్త్రీల పేరులడిగిరి. బీహారు, ఉత్తరప్రదేశము, రాజస్థానము, మధ్యభారతము, వింధ్యప్రదేశములలో లక్షలకొలది యిండ్లలో వచ్చిన సమాధానము ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె, ఫలానావాని తల్లి యనియే. పరపురుషునకు తన పేరు చెప్పుట మర్యాద కాదు. ఇంటివారు చెప్పుటయు మర్యాద కాదు. చీఫ్ ఎలక్షన్ కమీషనరు సుకుమార్ సేన్ అట్టి పద్దులు పనికిరావనియు, మనిషి పేరుననే పట్టీ యుండవలెననియు పట్టుపట్టెను. మరల మనుష్యులను పంపి యడిగించిరి. అప్పటికిని పేరు చెప్పనివి సుమారు 28 లక్షల పద్దులు మిగిలినవి; వానిని కొట్టివేసిరి. ఆనాడు దేశమున స్త్రీ వోటర్లు దాదాపు ఎనిమిది కోట్లు. తరువాతి యెన్నికల నాటికి ఈ లోపము చాలవరకు తీరినది. తీర్చినవారు గుమాస్తాలు కారు, తమ పేరు తామే చెప్పిన ఆ యిండ్ల స్త్రీలు.